పెతూనియా పక్క ఆవు

మోంటెవీడియో,
జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ.

సాగరతీర విశ్రాంతి పీఠాధీశ్వరి, సీ లయన్ల ఇరుగుపొరుగు, కుమారి రొమినా గారి దివ్య సముఖమునకు బాల్తసార్ అనే అల్పుడు వంగి వంగి రాసుకుంటున్న విన్నపం:

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, ఆఫీసు ఫ్యానూ. జనవరి, మండు వేసవి కాబట్టి తక్కినవాళ్ళంతా ఏదో ఒక ఒడ్డున పడుకుని చర్మం ఊడగొట్టుకుంటున్నారు. తమరి క్షేమసమాచారం అడిగే సాహసం చేయను. ఆ సమాచారం ఎవరికీ ఇవ్వకూడదనే కదా ఫోను ఆఫీసు సొరుగులో పడేసి, తాళం వేసి, తాళంచెవితో సహా కాబో పొలోనియో ఇసుకలోకి వెళ్ళిపోయారు. ఆ ఫోను రోజూ మోగుతోంది. చేసేది నేనే. సొరుగులోంచి వినేదీ నేనే. అక్కడి కొట్టువాడి ఫోనుకు కూడా చేశాను. ఆవిడ ఫోన్లు వద్దంది, చేపలు కావాలంటే చెప్పండి అన్నాడు.

అందుకని ఈ కాగితం. చదువు ముగిశాక చేత్తో ఇంత రాయడం ఇదే మొదటిసారి. కొట్టివేతల్ని మన్నించు, కాగితానికి వెనక్కి కొట్టే మీట లేదు. బస్సు డ్రైవరు దీన్ని ఇసుకదిబ్బల గేటు దాకా తెస్తాడు. అక్కణ్ణుంచి ట్రక్కు నడిపే పోచో నీ గుడిసెకు చేరుస్తాడు. (చూశావా, తమరు కాస్తా అప్పుడే నువ్వు అయిపోయింది. మర్యాద నా ఒంటికి పడదు.)

సంగతికి వస్తాను. కూర్చోవాలంటే కాలు ఊరుకోవడం లేదు, కిటికీ గట్టు మీద కాగితం పెట్టి నిలబడి రాస్తున్నాను.

ఎర్మిండా అత్త పాలు మళ్ళీ తిరిగొచ్చాయి.

ఆవిడ మా నాన్న చెల్లెలన్న సంగతి పక్కన పెట్టు. ఈ దేశంలో అందరికంటే ముందు మన ప్రోగ్రామును నమ్మి తన పశువుల కొట్టంలో పెట్టనిచ్చిన మనిషి ఆవిడ. ఆ నమ్మకానికి మనం చేసిన సన్మానం ఇది. ఇంజెక్షన్ పడ్డ ఆవు పాలు ట్యాంకులోకి పోకుండా ఆ ఆవు గొట్టాన్ని కాలవలోకి మళ్ళించాలి. మన ప్రోగ్రాము పుట్టిందే అందుకు. డిసెంబరులో పెతూనియాకు పొదుగువాపు వచ్చింది, ఇంజెక్షన్ వేశారు. మన ప్రోగ్రాము తీరిగ్గా ఆలోచించి, పెతూనియాకు కుడిపక్కన నిలబడే రేనా పాలు పారబోసింది. పెతూనియా మందు పాలు దర్జాగా ట్యాంకులోకి పోయాయి. డెయిరీవాళ్ళు పరీక్ష చేసి ట్యాంకు ట్యాంకంతా వెనక్కి తిప్పారు.

తప్పు ఎక్కడో కనుక్కోవడం కష్టం కాలేదు. అత్త కొట్టంలో ఆవులు నిలబడే చోట్ల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. మన ప్రోగ్రాము లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఒక్క చోటు తేడా. ఆ లైను నేను రాసిందే, నేనే ఒక చోటు వెనక్కి జరిపాను, ఆఫీసులో నడిపి చూశాను, శుభ్రంగా పనిచేసింది. క్రిస్మస్ సెలవులకు ముందు నా ఫైళ్ళూ నీ ఫైళ్ళూ కలిపి, అత్త దగ్గరికి పంపి, అందరం మాంసం కాల్చుకుని తినడానికి పోయాం.

కొత్త సంవత్సరం వచ్చింది. పెతూనియాకు మళ్ళీ వాపు. మళ్ళీ ఇంజెక్షన్. ఈసారి ఎడమపక్కన నిలబడే గిటానా పాలు కాలవలో పోయాయి. రెండో ట్యాంకు వెనక్కి.

అత్త ఫోను చేసింది. ఓరేయ్, పోయిన నెల నీ మెషీను కుడిపక్క దాన్ని పట్టుకుంది, ఈ నెల ఎడమపక్క దాన్ని పట్టుకుంది, మధ్యలో నిలబడ్డదాన్ని పట్టుకోవడానికి దానికేమైనా మొహమాటమా అని అడిగింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మూడోసారి తిరిగొస్తే డెయిరీవాళ్ళు ఇక తన పాలు తీసుకోరట, పేరు కొట్టేస్తారట. ఆవులు తప్ప నాకేం ఉన్నాయిరా, నీ జోకులా అంది.

యంత్రం ఆపేసి చేత్తో పితుక్కో అందామంటే ఆవిడ కుడి మణికట్టు ఇంకా కట్టులోనే ఉంది. ప్రస్తుతానికి పక్క పొలం ఆవిడ రెండు పూటలా వచ్చి, పెతూనియా గొట్టం పీకి బకెట్లో పెట్టి పట్టుకుంటోంది. ఆ మహాతల్లి కూడా వచ్చే ఆదివారం పొద్దున సముద్రానికి పోతుందట. జనవరి కదా. ఆ లోపు ప్రోగ్రాము బాగుపడాలి.

ఇప్పుడు నీ వంతు. పాత మార్పులన్నీ తిరగేశాను. నేను నా ఫైల్లో ఒక చోటు వెనక్కి జరిపిన రోజే నువ్వు నీ ఫైల్లో ఒక చోటు వెనక్కి జరిపావు! గోడ మీద పటం వంకరగా ఉందని నేను పోతూ పోతూ ఒక తోపు తోశాను, నువ్వు వస్తూ వస్తూ ఇంకో తోపు తోశావు. ఇప్పుడు అటు వంకర పోయి ఇటు వంకర వచ్చింది.

మన ఫైళ్ళు కలిపే ఆ ఘనాపాఠీ సాఫ్ట్‌వేరు ఏం చేసిందంటావా? ఇద్దరం ఒకే లైను మీద చెయ్యి వేస్తే కొంపలు అంటుకున్నట్టు అరిచే మనిషి అది. వేరే వేరే ఫైళ్ళలో వేశాం కాబట్టి రెండు మార్పులూ భద్రంగా తెచ్చి ఒకచోట పెట్టింది. తగువేమీ లేదని ఆకుపచ్చ గుర్తు కూడా పెట్టింది. లైను లైనుకీ తగిలిందా లేదా అన్నదే దాని చదువు. ఈ ఇద్దరూ ఒకే పని రెండుసార్లు చేశారే అనే అనుమానం దానికి రాదు. రావాల్సింది మనకి. ఆ రోజు మనకూ రాలేదు.

ఇదివరకు ఈ రోగం మనకు లేదు. పొద్దున్నే నీ థర్మోసు, నీ సొరకాయ బుర్ర, అందులో చేదు మాటె ఆకు కషాయం. నువ్వు పోసేదానివి, నేను పీల్చేవాణ్ణి. బుర్ర చేతులు మారేటప్పుడు, నిన్న ఫలానా చోట గెలికాను అని నేనంటే, చచ్చావు పో, అక్కడే నేనూ గెలికాను అనేదానివి. ఆ కాసేపట్లో తేలిపోయేది. అక్టోబరులో మన పేట కార్నివాల్ పాటల బృందంలో నీ చరణం తీసి నాకిచ్చారు. వద్దనొచ్చుగా అని నువ్వన్నావు, గట్టిగా పాడొచ్చుగా అని నేనన్నాను. ఆ మర్నాటి నుంచి ఆఫీసులో రెండు థర్మోసులు.

ఇదంతా మన బాసు వాషింగ్టన్‌కు చెప్పాను. ఆయన కంప్యూటరు తెరిచి ఆకుపచ్చ గుర్తు చూపించాడు. మెషీనే తగువు లేదంటుంటే మధ్యలో నీకేంటయ్యా తగువు అన్నాడు. అది కాదు సార్, రొమినా లైను తీసేస్తే సరిపోతుంది అన్నాను. ఆహా, రొమినా లైనే తీయాలి, నీది తీయకూడదు, మీ ఇద్దరి రెండు థర్మోసుల కథ నాకు తెలియదనుకున్నావా అన్నాడు. ఎవరు రాసింది తీయాలన్నా వాళ్ళ మాట ఉండాలనే మన ఆఫీసు నియమం గుర్తుచేశాడు. ఆ నియమం పెట్టించింది నువ్వే. నేనే చప్పట్లు కొట్టాను.

కాబట్టి ఈ కాగితం కింద చింపుకోవడానికి వీలుగా కాస్త చోటు వదిలాను. నా లైను తీసేయండి అని రాసి సంతకం పెట్టి పోచోకి ఇవ్వు. నా సవరణ ముందు పడింది, నీది ఆ తర్వాత పడింది, న్యాయం నా వైపుంది.

ఇట్లు,
న్యాయం పక్షాన నిలబడి కాళ్ళు నొప్పెడుతున్న
బాల్తసార్


మోంటెవీడియో,
జనవరి 9, గురువారం.

ఉలకని పలకని రొమినాకు,

ఉపోద్ఘాతాలు మానేశాను. ఎండ మండిపోతోంది, మాటలు ఆవిరైపోతున్నాయి.

నీ జవాబు రాలేదు. గేటు దగ్గర ఉండే పోచోకి ఫోను చేశాను. ఇచ్చానయ్యా, నా ముందే చదివింది అన్నాడు. నవ్విందా అని అడిగాను. ఒకసారి నవ్వినట్టుంది అన్నాడు. ఏ చోట నవ్వింది అన్నాను. ఇసుకలో బండి దిగబడి నేను ఏడుస్తుంటే ఆవిడ ఏ లైను దగ్గర నవ్విందో చూస్తానా అన్నాడు. తర్వాత ఏం చేసింది అన్నాను. మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టింది, ఇప్పుడు బల్ల ఊగట్లేదు అన్నాడు. నా రచనకు ఇంతవరకు దక్కిన సద్వినియోగం అదే.

నిన్న ఆఫీసులో ఒక్క పని చేయలేదు. కుర్చీలో కూర్చుంటాను, లేస్తాను, సొరుగు దగ్గరికి పోతాను, నీ ఫోనుకు చేస్తాను, అది మోగుతుంది, పెట్టేస్తాను. సముద్రపు గట్టు వెంట అటు చివరిదాకా నడిచి, ఎందుకు నడిచానో తెలియక మళ్ళీ ఇటు చివరికి నడిచాను. థర్మోసులో నీళ్ళు పోసుకున్నాను, మాటె వేసుకున్నాను, మర్చిపోయాను, చల్లారింది. ఒక్కడే పోసుకుని ఒక్కడే తాగడం పెద్ద చాకిరీ, తెలుసా? పోసేవాడు తాగేవాడితో మాట్లాడాలి కదా. నాతో నేను మాట్లాడుకుంటే వాషింగ్టన్ తలుపు సందులోంచి చూస్తున్నాడు.

అత్త రోజూ ఫోను చేస్తోంది. తిట్టదు. అదే భయంగా ఉంది. ఏరా, అయిందా అంటుంది. అవుతోంది అత్తా అంటాను. పక్కావిడ గొడుగులూ కుర్చీలూ కారెక్కించేసిందిరా అంటుంది. నిన్న ఇంకో మాట అంది: పెతూనియాకి ఏమీ అర్థం కాక నా వంక చూస్తోందిరా, దాని పాలెందుకు బకెట్లో పోస్తున్నారో దానికెవరు చెబుతారు అని. నాకు ఆవు ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నగరంలో పెరిగినవాడికి రాకూడని కష్టం ఇది.

అందుకని విను. అసలు నీ మాట లేకుండా చేయగలిగిన పని ఒకటి ముందు నుంచీ ఉంది. నా లైను తీయడానికి నా మాట చాలు. సోమవారమే చేసి ఉండొచ్చు. చేయలేదు. ఎందుకంటే నాది ముందు పడింది, నాది సరైనది, నేనెందుకు తీయాలి? ఆ ఎందుకుకి జవాబు వెతుక్కుంటూ మూడు రోజులు ఊరంతా నడిచాను. దొరకలేదు.

ఇవాళ మధ్యాహ్నం నా లైను తీసేసి, ఆఫీసులో నడిపి చూశాను. నీ సవరణ ఒక్కటే చక్కగా సరిపోయింది. పెతూనియా అంటే పెతూనియానే పట్టుకుంది. ఇంకో పక్క చూపు చూడలేదు. అది వాషింగ్టన్ ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఏమయ్యా, జ్వరమా అన్నాడు. రేపు సాయంత్రం అన్నీ కలిపి అత్త దగ్గరికి పంపిస్తానన్నాడు.

ఇక నువ్వు ఏమీ చేయనక్కర్లేదు. ఏమీ రాయనక్కర్లేదు. సీ లయన్ల పక్కన పడుకుని వాటితో పాటు మొరుగు. నీ లైను నిలబడింది, నాది పోయింది, అత్త పాలు గట్టెక్కాయి. ఈ ఉత్తరాన్ని బల్ల రెండో కాలి కింద పెట్టుకో, ఆ పక్క ఎత్తు తక్కువై మళ్ళీ ఊగుతుంటుంది.

ఇట్లు,
నీ లైనుకు దారిచ్చి పక్కకు తప్పుకున్న
బాల్తసార్


ఎర్మిండా అత్త పశువుల కొట్టం,
సాన్ హోసె దగ్గర,
జనవరి 13, సోమవారం.

రొమినా,

ముందు ఒక మాట. ఈ ఉత్తరం చదివి ఏ పనీ చేయకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఎవరికీ మంచి చేయకు. పూర్తిగా చదివి, ఆఖర్న రాసింది మాత్రం చెయ్యి.

నిన్న ఆదివారం. పని అయిపోయింది కాబట్టి హాయిగా నిద్రపోవాల్సినవాణ్ణి, పొద్దున్నే బస్సు స్టాండులో తేలాను. ఎందుకొచ్చావురా అని అత్త అడిగితే, ఊరికే, పెతూనియాని చూసిపోదామని అన్నాను. కట్టు లేని చేత్తో నా నుదురు ముట్టుకుని చూసింది. నాకు జ్వరం వచ్చిందేమో అని ఈ వారంలో ఇద్దరు అనుమానించారు.

పక్క పొలం ఆవిడ పొద్దుటి పాలు పిండించి, గొడుగులతో సహా వెళ్ళిపోయింది. సాయంత్రం పూట పితకడానికి అత్త, నేను, మన ప్రోగ్రాము మిగిలాం. ఆవులు వచ్చి వాటి వాటి చోట్లలో నిలబడ్డాయి. రోజూ అదే వరుస, ఎడమన గిటానా, మధ్యలో పెతూనియా, కుడిపక్క రేనా. గొట్టాలు తగిలించాం. ఏ ఆవు పాలు కాలవలోకి మళ్ళుతాయో ఆ ఆవు నెత్తిమీద ఎర్ర దీపం వెలగాలి కదా. అత్త మీట నొక్కింది. నేను చేతులు కట్టుకుని, నీ లైను గొప్పతనం చూడడానికి వచ్చిన అతిథిలా నిలబడ్డాను.

దీపం రేనా నెత్తిమీద వెలిగింది.

కుడి! మళ్ళీ కుడిరా! అని అత్త అరిచిన అరుపుకి ఆవులన్నీ ఒకేసారి తలలు తిప్పాయి. నేను దూకాను. పాలు పితికేవాళ్ళు నిలబడే గుంటలో అడ్డంగా ఉన్న నీళ్ళ గొట్టం తట్టుకుని, పెతూనియా వెనక కాళ్ళ మధ్య పడ్డాను. లేచి దాని గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగాను. రాలేదు. తిప్పి లాగరా గాడిదా, తిప్పి అని అత్త. తిప్పి లాగాను. వచ్చింది. వచ్చిన పాలు మొత్తం నా మొహం మీద, మెడలో, చొక్కాలో. పెతూనియా తన అభిప్రాయం నా మోకాలి మీద తెలియజేసింది. అత్త అప్పటికే ట్యాంకులోకి పోయే పెద్ద గొట్టం కట్టేసి, అందులో మిగిలిన చుక్కలన్నీ కాలవలోకి వదిలేసింది. పెతూనియా పాలు ట్యాంకు దాకా పోలేదు. ఇవాళ డెయిరీ బండి వచ్చి, పరీక్ష చేసి, పాలు తీసుకునిపోయింది. ఆ బండి గేటు దాటే దాకా అత్త చెంబు కడుగుతూనే ఉంది. కడిగిన చెంబునే మళ్ళీ మళ్ళీ కడిగింది.

ఇక వాషింగ్టన్ సంగతి. ఒళ్ళంతా పాలతోనే ఫోను చేశాను. ఆయన ఎక్కడో మాంసం కాలుస్తున్నాడు, చిటపటలు వినిపిస్తున్నాయి. సార్, మళ్ళీ కుడిపక్క ఆవుకి పోయింది, ఏం పంపారు అన్నాను. అదేంటయ్యా, ఇద్దరూ పెద్దమనుషుల్లా ఒప్పుకున్నారని ఎంత సంతోషించానో అన్నాడు. ఎవరు ఇద్దరూ అన్నాను. నువ్వు గురువారం నీ లైను తీశావు, శుక్రవారం రొమినా కవరు వచ్చింది, తన లైను తీసేయమని. రెండూ కలిపాను. మెషీను తగువేమీ లేదంది. ఆకుపచ్చ గుర్తు కూడా పడింది అన్నాడు. చివర్న, ఇంకా ఎందుకు ఏడుస్తున్నావు అని కూడా అన్నాడు. అది ఏడుపు కాదు, పాలు.

నీ కవర్లో ఏం రాశావో చదివి వినిపించాడు. బాల్తా లైను ఉంచండి, నాది తీసేయండి, నేను తీసేయమన్నానని వాడికి చెప్పకండి, నెత్తికెక్కుతుంది.

పోచోని అడిగాను. నీ కవరూ నా రెండో ఉత్తరమూ గేటు దగ్గర ఒకే సంచీలో ఒక పూట పక్కపక్కన పడుకున్నాయట. అది అటు పోయింది, ఇది ఇటు వచ్చింది. సంచీకి మాత్రం ఏం తెలుసు, పాపం? ఒక దాంట్లో నేను ఓడిపోతానని ఉంది, ఇంకో దాంట్లో నువ్వు ఓడిపోతానని ఉంది. రెండూ భద్రంగా చేరవేసింది. ముందు ఇద్దరం పటాన్ని తోసి వంకర చేశాం. తర్వాత ఇద్దరం జాలిపడి వెనక్కి లాగి మొదటి వంకరకే తెచ్చాం. దెబ్బలాడుకున్నా అదే ఆవు, రాజీపడ్డా అదే ఆవు. రేనాని చూస్తే జాలేస్తోంది. రోగం రొష్టు లేకుండా నిలబడ్డ పాపానికి దాని పాలు ఇది రెండోసారి పారబోయడం.

ఇప్పుడు ఒక లైను తిరిగి పెట్టాలి. నాదా, నీదా, ఏదైనా సరే, ఒక్కటే. నేను ఇక్కణ్ణుంచి ఇప్పుడే పెట్టగలను. పెట్టను. పెడుతున్నానని నీకు రాసి, ఈ ఉత్తరం ఇసుకలో ట్రక్కెక్కి వచ్చేలోపు నువ్వు ఇంకో కవరు పంపి ఉంటావేమో, వాషింగ్టన్ ఇంకో ఆకుపచ్చ గుర్తుతో మురిసిపోతాడేమో. వేలు మీట దగ్గరికి పోతుంది, వెనక్కి వస్తుంది. పొద్దుటి నుంచి ఇదే వరస. వాషింగ్టన్‌ను కూడా ఏమీ ముట్టుకోవద్దన్నాను. అలాగేలే, ఈ ఇద్దరి మంచితనం భరించడం నా వల్ల కాదు అన్నాడు.

అంతవరకు రెండు పూటలా పెతూనియా గొట్టం పట్టుకునే ఉద్యోగం నాది. తిప్పి లాగడం వచ్చేసింది. మోకాలు నల్లబడింది. అత్త దాని మీద చల్లటి పాలడబ్బా పెట్టి కూర్చోబెడుతోంది, రెండు నిమిషాలు కాగానే నేను లేచి తిరుగుతున్నాను, కూర్చోరా అంటోంది, కూర్చుంటున్నాను, మళ్ళీ లేస్తున్నాను.

నువ్వు రా. ఎదురుగా కూర్చో. నేను ఏ లైను ముట్టుకున్నానో నోటితో చెబుతాను, నువ్వు ఏది ముట్టుకున్నావో నోటితో చెప్పు. ఒక లైను పెడదాం. ఆవులు నిలబడ్డప్పుడు ఇద్దరం ఇక్కడే గుంటలో నిలబడి, దీపం ఎవరి నెత్తిన వెలుగుతుందో కళ్ళతో చూద్దాం. సెలవు పాడుచేస్తున్నానని తెలుసు. సీ లయన్లకు నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇట్లు,
పాలవాసన వదలని,
నిలబడే రాస్తున్న,
బాల్తా

తా.క. మోకాలికి డబ్బా అదుముతూ అత్త ఇందాక ఒక నిజం కక్కింది. డిసెంబరులో మొదటి ట్యాంకు తిరిగొచ్చినప్పుడు నాకు ఫోను చేసి చెప్పింది కదా. నా ఫోను పెట్టేసి వెంటనే నీకూ చేసిందట! అదేంటత్తా అంటే, మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదని తెలిసిందిరా, ఒకళ్ళు చేయకపోతే ఇంకొకళ్ళయినా చేస్తారని ఇద్దరికీ చెప్పాను, రెండో వాళ్ళకి చెప్పొద్దని కూడా చెప్పాను అంది. ఆవిడ మొహంలో పశ్చాత్తాపం వెతికాను, కనబడలేదు. నేను ఊరుకోకుండా, రొమినా ఏమంది అని అడిగాను. ఆ లైను బాల్తాది అత్తా, వాషింగ్టన్‌కి తెలిస్తే పండగ ముందు వాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు, నా ఫైల్లో నేనే సర్దేస్తాను, వాడికి తెలియక్కర్లేదు, అందట. అక్టోబరు నుంచి నాకు ఒక్క గుటక మాటె పోయని మనిషి అన్న మాట అది. నేను ఈ వారమంతా నా న్యాయం గురించి రాస్తూ కూర్చున్నాను. అవసరమైన సంగతి ఒక్కటి రాసి ముగిస్తాను. నిన్న పెతూనియా తన్నింది నా మోకాలిని ఒక్కదాన్నే కాదు, గట్టు మీద పెట్టిన నా థర్మోసును కూడా, అది పగిలిపోయింది. వచ్చేటప్పుడు నీది తీసుకురా.